బాపు గోలీలు ఎందుకు మానేస్తున్నాడు?

ప్రశ్న: డాక్టరు గారూ, మా బాపుకు 63 ఏళ్లు. పత్తి, మిర్చి వేస్తాడు. రెండేళ్ల కింద బీపీ 168/100 ఉందని గోలీలు మొదలుపెట్టారు. 130కి రాగానే 'తగ్గింది కదా' అని మానేశాడు. మొన్న ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాల దగ్గర కళ్లు తిరిగి కూలబడ్డాడు. చూస్తే 184/106. హన్మకొండలో డాక్టరు మళ్లీ గోలీలు రాశారు. సబ్‌సెంటర్ నుంచి ఆశా అక్క ఇచ్చినవి కూడా ఇంట్లో ఉన్నాయి. ఒకరోజు ఇవి, ఒకరోజు అవి వేసుకుంటున్నాడు. రోజూ వేసుకుంటే కిడ్నీలు ఖరాబవుతాయని ఎవరో చెప్పారట. ఎంత పోట్లాడినా వినడు. ఏం చేయాలి?
– ఒక కూతురు, పరకాల

జవాబు: అమ్మా, ముందు ఆ రెండు షీట్ల సంగతి చూద్దాం. పెద్ద అక్షరాల్లో కంపెనీ పెట్టుకున్న పేరు వదిలేసి, చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవండి. రెండింటి మీదా టెల్మిసార్టాన్ అనే ఉంటే, రంగులు వేరైనా మందు ఒకటే. ఒకదాని మీద ఆమ్లోడిపిన్ అని ఉంటే అది వేరే మందు. ఈ రెండూ కలిపి వేసుకోమని కూడా రాస్తుంటాం. కాబట్టి రెండు షీట్లూ పట్టుకుని ఈ వారంలోనే డాక్టరు దగ్గరికి వెళ్లి అడగండి. ఈలోగా ఛాతీ నొప్పో, ఆయాసమో, మూతి వంకర పోవడమో, మాట తడబడటమో కనిపిస్తే మాత్రం ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

ఇక పోట్లాట. ఆ పని నేనూ చేశాను. నర్సంపేటలో ఉన్న మా అవ్వకు ఆరేళ్లు నేనే గోలీలు రాశాను, నెలనెలా నేనే పంపాను. ఒక దసరాకు ఇంటికి వెళ్లి, అగ్గిపెట్టె కోసం దేవుడి పటం వెనక చెయ్యి పెడితే షీట్ల కట్ట దొరికింది. ఒక్కోదాంట్లో రెండు మూడు గోలీలే తీసి ఉన్నాయి. బాగా అరిచాను. అరవడం అయ్యాక అడిగాను, 'ఇది దేనికవ్వా?' అని. 'తలకాయ నొచ్చినప్పుడు వేసుకునేది కాదా?' అంది. నొప్పి లేని రోజు ఎందుకు వేసుకుంటుంది! ఆమె లెక్కలో ఆమె తప్పేమీ చేయలేదు. ఆరేళ్లలో ఆ ఒక్క ప్రశ్న నాకే తోచలేదు.

మీరూ బాపును అడిగి చూడండి: 'ఈ గోలి ఏం చేస్తది? ఎన్ని దినాలు వేసుకోవాలె?' జ్వరం గోలీల్లాగా కోర్సు అయిపోయిందనుకున్నాడని నా అనుమానం. 130కి దిగింది గోలి వేసుకున్నందుకే. మోటరు నడిచినంతసేపే కాలువలో నీళ్లు, బంద్ చేస్తే ఎండుతుంది. ఈ మాట ఆయనకు నాకన్నా బాగా తెలుసు. బీపీ ఎంత పెరిగినా చాలామందికి ఒంట్లో ఏమీ తెలియదు. 'పాణం మంచిగనే ఉంది' అన్నంత మాత్రాన అదుపులో ఉన్నట్టు కాదు.

కిడ్నీల భయం తలకిందులుగా ఉంది. అదుపు లేని బీపీయే ఏళ్ల తరబడి కిడ్నీలను దెబ్బతీస్తుంది. టెల్మిసార్టాన్ మొదలుపెట్టాక కిడ్నీలు ఎలా ఉన్నాయో చూసేందుకు క్రియాటినిన్, పొటాషియం అనే రక్తపరీక్షలు ఒకసారి చేయిస్తాం, అది మామూలే. నాకు అనుమానం ఇంకోదాని మీద ఉంది. బస్తాలెత్తి నడుం నొస్తే మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ లాంటి నొప్పి గోలీలు కొనుక్కుంటున్నాడేమో కనుక్కోండి. తరచూ వేసుకుంటే కిడ్నీలకు చేటు చేసేవి అవి, బీపీని పెంచేవీ అవే.

ఉప్పు రోజంతటికీ కలిపి 5 గ్రాములు దాటొద్దు, అంటే సుమారు ఒక చిన్న చెంచా. తొక్కు పూర్తిగా మానమని నేను రాయను, మా ఇంట్లోనే ఎవరూ వినలేదు. రెండు పూటలు తినేది ఒక పూట చేయమనండి.

గోలి పొద్దటి చాయ్‌తో పాటే ఇవ్వండి. మరిచిపోతే ఆ రోజే గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు. మర్నాడు కలిపి రెండు వేసుకోవద్దు. ఆమ్లోడిపిన్‌తో కొందరికి పాదాలు వాస్తాయి. అలాగైతే సొంతంగా ఆపకుండా డాక్టరుకు చెప్పండి, వేరే మందులున్నాయి.

ఇంకోటి. 'అసలు బీపీ ఎంతుందో తెలవాలె' అని చాలామంది చెకప్ రోజు గోలి మానేసి వస్తారు. అంకె ఎక్కువ చూసి మేం డోసు పెంచుతాం, మర్నాటి నుంచి కళ్లు తిరుగుతున్నాయని వాళ్లు అన్నీ ఆపేస్తారు. పరకాలలో బస్సెక్కే ముందే బాపుతో ఆ పూట గోలి వేయించండి.