ఇంటిల్లిపాదికీ ఒకే ఫోను బిల్లు: మేనకోడలికి ఉత్తరం

అమ్మలూ,

హైదరాబాదులో నీదీ, పర్లాకిమిడిలో మీ అమ్మానాన్నలవీ, బరంపురంలో చదువుతున్న తమ్ముడిదీ, నాలుగు నంబర్లూ కలిపి ఒకే పోస్ట్‌పెయిడ్ ఫ్యామిలీ ప్లాన్‌లో పెట్టేద్దామా అని అడిగావు కదా. ఫోనులో చెబితే సగం మర్చిపోతావు. అందుకే రాసి పంపుతున్నాను, షాపులో కూర్చున్నప్పుడు తీసి చూసుకో.

ధర సంగతి తర్వాత, ముందు సర్కిల్ చూడు. టెలికాం వాళ్లు దేశాన్ని 22 సర్కిళ్లు చేశారు. వాటికీ రాష్ట్రాల సరిహద్దులకీ అన్నిచోట్లా పొంతన ఉండదు. 2014లో తెలంగాణ వేరుపడినా ఫోన్ల లెక్కలో అది ఆంధ్రప్రదేశ్ సర్కిల్లోనే ఉండిపోయింది. కాబట్టి ఎక్కడో ఉన్న నీ హైదరాబాదు నంబరూ, మన పక్కనే సరిహద్దు దాటితే ఆంధ్రాలో ఉన్న పాతపట్నంలో మీ పిన్ని నంబరూ ఒకే సర్కిల్. పాతపట్నానికి ఆటోలో వెళ్లొచ్చేంత దూరంలో ఉన్న మీ నాన్న నంబరేమో ఒడిశా సర్కిల్. ఫ్యామిలీ ప్లాన్ అనగానే కంపెనీవాళ్లు సాధారణంగా నంబర్లన్నీ ఒకే సర్కిల్‌వి ఉండాలంటారు. నువ్వు ఎంచుకున్న కంపెనీ ఏమంటుందో ఆ మాట మొదటే అడుగు. "అయిపోతుంది మేడమ్" అని కౌంటర్లో కుర్రాడు అంటే నమ్మకు, యాప్‌లో నంబరు కొట్టించి చూపించమను.

రోమింగ్ గురించి మాత్రం టెన్షన్ పడకు. ఒకప్పుడు మన వీధిలో ఫోను పాతపట్నం టవరు పట్టేసిందంటే ఇంట్లో కూర్చున్నవాడికే రోమింగ్ పడేది. నెట్‌వర్క్‌ని మాన్యువల్‌లో పెట్టుకుని తిప్పలు పడేవాళ్లం. ఇప్పుడా బాధ లేదు, దేశంలో ఎక్కడున్నా ప్లాన్‌లో కాల్స్ కాల్సే.

ఒడిశా నంబరును ఆంధ్రా సర్కిల్‌కి మార్చుకునే దారి ఉంది. 2015 జూలై 3 నుంచి సర్కిల్ దాటి కూడా పోర్ట్ చేసుకోవచ్చు, అంటే పాత నంబరు అలాగే ఉంచుకుని వేరేచోటికి మారిపోవచ్చు. ఇంగ్లీషులో PORT అని కొట్టి, ఖాళీ వదిలి, ఆ నంబరు రాసి 1900కి మెసేజ్ పెడితే కోడ్ వస్తుంది. అది నాలుగు రోజులే పనిచేస్తుంది. సర్కిల్ మారితే అయిదు పనిదినాలు పడుతుంది. ఇప్పుడున్న కంపెనీలో నంబరు కనీసం 90 రోజులుగా నడుస్తూ ఉండాలి. మిగిలిన బ్యాలెన్సూ వ్యాలిడిటీ కొత్తచోటికి రావు, అందుచేత మీ నాన్న రీఛార్జ్ అయిపోవచ్చే వారంలోనే మొదలుపెట్టు.

మరి సిమ్ పోతే? నంబరు ఏ సర్కిల్‌దో ఆ సర్కిల్ షాపులోనైతే డూప్లికేట్ సులువుగా ఇస్తారు. వేరే ఊళ్లవాళ్లకి ఇదో తలనొప్పి, మనకి పాతపట్నం పక్కనే ఉంది కాబట్టి గొడవ లేదు. కొత్త సిమ్ పడ్డాక 24 గంటలు మెసేజ్‌లు రావు, బ్యాంకు ఓటీపీలు కూడా. మీ నాన్నకి డబ్బు పని ఉన్న రోజున ఆ జోలికి పోవద్దు.

తమ్ముణ్ణి మాత్రం ఇందులో కలపకు. వాడి హాస్టల్లో ఏ నెట్‌వర్క్ పడుతుందో అదే వాడికి ప్లాను. పైగా డేటా అందరికీ కలిపి ఇచ్చే ప్లాన్ అయితే, క్రికెట్ ఉన్న రాత్రి వాడు గదిలో అందరికీ హాట్‌స్పాట్ ఇస్తాడు, తెల్లారేసరికి మీ అమ్మ వీడియో కాల్‌కి చుక్క మిగలదు. వాడి సంగతి నాకు తెలుసు. వాడిది ప్రీపెయిడ్‌గానే ఉంచి డబ్బులు నువ్వు వేయి.

ఇక లెక్క. బోర్డు మీద రాసిన పోస్ట్‌పెయిడ్ ధరకి 18 శాతం జీఎస్టీ అదనం. వెయ్యి అన్నది 1,180 అవుతుంది. ప్రీపెయిడ్ ధరలో పన్ను కలిసే ఉంటుంది. అలాగని ప్రీపెయిడే చవకని కాదు, 28 రోజుల ప్యాక్ అయితే ఏడాదికి పదమూడుసార్లు వేయాలి. మీ అమ్మానాన్నలు ఇప్పుడు ఏడాదికి ఎంత పెడుతున్నారో కాగితం మీద రాసి, పక్కన నీ ప్లాన్‌ని పన్నెండుతో గుణించి చూడు. మీ అమ్మ ఫోను ఎత్తడమే ఎక్కువ, చేసేది తక్కువ. ఆవిడకి నెలకి అన్ని జీబీలు దండగ.

నా అసలు భయం బిల్లు గురించి. పోస్ట్‌పెయిడ్‌లో నువ్వే ప్రధాన నంబరు. నువ్వు గడువు మర్చిపోతే నీ ఒక్కదాని ఫోనే కాదు, మీ నాన్నది కూడా ఆగిపోతుంది. పింఛను మెసేజ్ రాలేదని ఆయన బ్యాంకు చుట్టూ తిరుగుతాడు, కారణం నీ దగ్గరుందని ఆయనకేం తెలుసు? ఆటోపే పెట్టు. మీ నాన్న నంబరు ఆయన పేరు మీదే, ఆయన ఆధార్‌తోనే ఉండాలి. పని తొందరగా అవుతుందని నీ పేరు మీదకి మార్చకు. రేపు వేరే కంపెనీకి వెళ్లాలన్నా, సిమ్ పోయినా, ఆయన నంబరుకి నువ్వు సెలవు పెట్టి రావాల్సి వస్తుంది.

పోర్ట్ పెట్టేముందు ఆ కంపెనీ సిమ్ ఉన్నవాళ్లెవరినైనా మీ ఇంటి వెనక గదిలోకి తీసుకెళ్లి ఒక కాల్ చేయించు. ముందు గదిలో అన్నీ పడతాయి, మీ నాన్న పడుకునేది వెనక గదిలో.

దసరాకి ఎలాగూ వస్తున్నావు కదా, అప్పుడే ఆయన్ని వెంటబెట్టుకుని పాతపట్నం వెళ్లు. ఆధార్ ఒరిజినల్ మర్చిపోవద్దు. రెండు రోజుల ముందు ఫోన్ చెయ్యి, నేనూ వస్తాను.

పెద్ద మావయ్య