అడగండి: సలహా ఇవ్వని కౌన్సెలర్‌కి ఫీజెందుకు?

పరీక్షల సీజన్ కదా, ఈసారి ఉత్తరాలన్నీ దాదాపు కౌన్సెలింగ్ చుట్టే తిరిగాయి. నాలుగు తీసుకున్నాను.

ప్రశ్న: మేడమ్, మా పాప హనుమకొండలో హాస్టల్లో ఉండి ఇంటర్ బైపీసీ సెకండియర్ చదువుతోంది. వీక్లీ టెస్ట్ అంటే చేతులు వణుకుతాయి, రాత్రి నిద్ర లేదు, ఫోన్ చేస్తే "ఇంటికొచ్చేస్తనమ్మా" అని ఒకటే ఏడుపు. ఎవరో చెబితే ఒక కౌన్సెలర్ దగ్గరికి నెల రోజులుగా తీసుకెళ్తున్నాం. ఆయన పాపతో లోపల ముప్పావుగంట మాట్లాడతాడు, మమ్మల్ని బయట కూర్చోబెడతాడు. ఏం చెప్పిండే అంటే "ఏం చెప్పలే, నన్నే అడిగిండు" అంటది. బాగా చదువుకో, ధైర్యంగా ఉండు అని ఒక్క మాటైనా చెప్పనప్పుడు ఆ ఫీజు దేనికి?
– ఒక తల్లి, నర్సంపేట

జవాబు: అమ్మా, ధైర్యంగా ఉండు అని మీరు చెప్పారు, వాళ్ల నాన్న చెప్పాడు, వార్డెన్ మేడమ్ కూడా చెప్పే ఉంటుంది. ఆ మాటకి పోయే భయమైతే మీరు ఆయన దగ్గరికి వెళ్లేవాళ్లే కాదు కదా. డబ్బులిచ్చి అదే మాట ఇంకో నోటి నుంచి వినిపిస్తే పాపకి అర్థమయ్యేది ఒక్కటే, ఇక్కడ కూడా నా మాట వినేవాళ్లు లేరని.

సలహాలు చెప్పడం కౌన్సెలర్ అసలు పని కాదని 1942లోనే అమెరికాలో కార్ల్ రోజర్స్ అనే సైకాలజిస్టు గట్టిగా వాదించాడు. బాధ ఎవరిదో, దారి వెతుక్కునే శక్తి కూడా వాళ్లలోనే ఉంటుందనేది ఆయన నమ్మకం. కౌన్సెలర్ చేయాల్సింది ఆ మనిషి చూసినట్టే లోకాన్ని చూడడానికి ప్రయత్నించడం, తప్పొప్పులు ఎంచకుండా ఆ మనిషిని ఉన్నదున్నట్టు అంగీకరించడం, తాను నటించకుండా ఉండడం. చదివితే ఇంతేనా అనిపిస్తుంది గానీ, ఏడుస్తున్న పిల్ల ఎదురుగా కూర్చుని "ఏం కాదులే" అనకుండా ముప్పావుగంట ఉండి చూడండి, ఎంత కష్టమో తెలుస్తుంది.

అయితే మీ అనుమానం పూర్తిగా తప్పని కూడా అనను. వింటున్నానన్న పేరుతో ఏ దిశా లేకుండా నెలలు గడిపేసేవాళ్లూ ఉన్నారు. పాప లోపల ఏం చెప్పిందో ఆయన మీకు చెప్పకపోవచ్చు, చెప్పకూడదు కూడా. కానీ దేని మీద పని చేస్తున్నారు, మార్పు వచ్చిందని ఎట్లా తెలుస్తుంది, ఇంట్లో మేం ఏం చేయాలి, ఇవి అడిగే హక్కు మీకుంది. ఆయన్ని తప్పకుండా అడగాల్సింది ఇంకోటుంది: చచ్చిపోవాలనే ఆలోచనలు వస్తున్నాయా అని పాపని సూటిగా అడిగారా? అట్లా అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు, అది నిజం కాదు. మీరూ అడగొచ్చు.

ఇంటికొచ్చేస్తానన్న మాటని కూడా కొట్టిపారేయకండి. పిల్లని ఎట్లాగైనా హాస్టల్లో ఇమిడేట్టు చేయడం కౌన్సెలర్ డ్యూటీ కాదు. విశాఖలో ఒక నీట్ విద్యార్థిని చనిపోయిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో కొన్ని మార్గదర్శకాలిచ్చింది. వంద మంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో పెట్టాలనేది అందులో ఒకటి. మీ కాలేజీలో ఆ మనిషెవరో అడగండి. మార్కుల షీట్ ముందేసుకుని పిల్లల్ని నిలబెట్టే లెక్చరర్‌నే చూపిస్తే అది కౌన్సెలింగ్ కాదు, ఇంకో స్టడీ అవర్.

ప్రశ్న: ఎమ్మెస్సీ సైకాలజీ చదువుతున్నాను. ఫ్రాయిడ్, రోజర్స్, ఎల్లిస్, బెక్... ఒకరు చెప్పింది ఇంకొకరు కాదంటారు. పరీక్షలో అందరినీ రాస్తాం సరే, రేపు ప్రాక్టీస్‌లో ఎవర్ని నమ్మాలి? పాసయ్యాక బోర్డు పెట్టుకోవచ్చా?
– విద్యార్థిని, వరంగల్

జవాబు: పైన నర్సంపేట అమ్మాయిని నీ ఎదురుగా కూర్చోబెట్టుకో. ఫ్రాయిడ్ దారిలో పోతే ఈ భయం కింద ఏ పాత భయం ఉందో, మార్కులకీ నాన్న ప్రేమకీ ఎక్కడ ముడిపడిందో తవ్వుతావు. ఆసక్తిగా ఉంటుంది, కానీ ఆ తవ్వకం తేలేలోపు పరీక్షలు అయిపోతాయి. ఆల్బర్ట్ ఎల్లిస్ అదే సంప్రదాయంలో తయారైనవాడే, అది చాలా నెమ్మదని విసిగి 1955 ప్రాంతంలో తన సొంత పద్ధతి మొదలుపెట్టాడు. ఆయన చూపు టెస్ట్ మీద ఉండదు, టెస్ట్ గురించి ఆ పిల్ల తనకు తాను చెప్పుకునే మాట మీద ఉంటుంది. "సీటు రాకపోతే నా బతుకు అయిపోయినట్టే", ఈ వాక్యాన్ని పట్టుకుని నిజంగానా, ఎట్లా, ఎవరు చెప్పారు అని గుచ్చి గుచ్చి అడుగుతాడు. 1960లలో ఏరన్ బెక్ కూడా ఇటే వచ్చాడు, కాకపోతే మెత్తగా: ఆలోచన కాగితం మీద రాయించి, దానికి సాక్ష్యం ఉందా లేదా అని ఇద్దరూ కలిసి చూడడం. మన ఇంటర్ పిల్లలతో ఈ కాగితం పని బాగా నడుస్తుంది, నోటితో చెప్పలేనిది రాస్తారు.

చేతుల వణుకు మాత్రం మాటలతోనే పోదు. అక్కడ అలవాటునీ ప్రవర్తననీ మార్చే బిహేవియర్ థెరపీ వాళ్ల దగ్గర అప్పు తెచ్చుకోవాల్సిందే: ఖాళీ హాల్లో పది నిమిషాల టెస్ట్, తర్వాత ఇద్దరు స్నేహితులతో, తర్వాత నిజం టెస్ట్. భయాన్ని మెట్టు మెట్టుగా ఎదుర్కోవడం. పరిష్కారం మీదే దృష్టి పెట్టే పద్ధతి తెచ్చిన స్టీవ్ డీ షేజర్, ఇన్సూ కిమ్ బర్గ్ అయితే అసలు సమస్యని వదిలేసి, "పోయిన వారం ఏ రోజు కాస్త నయంగా ఉంది, ఆ రోజు ఏం చేశావు?" అంటారు. మన దగ్గర వీళ్లందరికన్నా ముందు గుర్తుకు రావాల్సింది ఇంట్లోవాళ్లందరినీ కలిపి చూసే ఫ్యామిలీ థెరపీ వాళ్లేమో అనిపిస్తుంది నాకు, ఎందుకంటే ఆ టెస్ట్ పిల్ల ఒక్కతే రాయడం లేదు, ఎకరం అమ్మి ఫీజు కట్టిన నాన్న కూడా రాస్తున్నాడు.

ఎవర్ని నమ్మాలంటావా? ఏ పద్ధతైనా సరే, ఎదుటి మనిషికీ కౌన్సెలర్‌కీ మధ్య కుదిరిన నమ్మకానికీ ఫలితానికీ సంబంధం ఉందని పరిశోధనల్లో మళ్లీ మళ్లీ తేలింది. ఒక పద్ధతి లోతుగా నేర్చుకో, మిగతావి తెలిసి ఉండాలి, నీకన్నా అనుభవం ఉన్నవాళ్ల దగ్గర నీ కేసులు చర్చించుకో. అన్నీ కొంచెం కొంచెం కలిపి వడ్డించేవాళ్లతోనే నాకు భయం.

బోర్డు సంగతి: క్లినికల్ సైకాలజిస్ట్ అని రాసుకోవాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి, ఒట్టి ఎమ్మెస్సీతో రాదు. అనుబంధ ఆరోగ్య వృత్తుల కోసం 2021లో ఇంకో చట్టం వచ్చింది, కౌన్సెలర్లను కూడా దాని పరిధిలోకి తెచ్చారు. ఈ వృత్తి మొదలైందే వేరే పనికి. 1908లో బోస్టన్‌లో ఫ్రాంక్ పార్సన్స్ కుర్రాళ్లకి తగిన ఉద్యోగం వెతికిపెట్టే బ్యూరో తెరిచాడు, అంతే. రష్యా 1957లో స్పుత్నిక్ వదిలాక, మన పిల్లలు సైన్సులో వెనకపడ్డారని అమెరికా కంగారుపడి మరుసటి ఏడాది చట్టం చేసి మరీ స్కూల్ కౌన్సెలర్లకి ట్రైనింగ్ ఇప్పించింది. అక్కడ మొదటిసారి కౌన్సెలర్లకి లైసెన్స్ పెట్టింది వర్జీనియా రాష్ట్రం, 1976లో. మన ప్రభుత్వాసుపత్రుల్లో కౌన్సెలర్ అనే కుర్చీ చాలామంది చూసింది హెచ్ఐవీ పరీక్ష చేసే ఐసీటీసీ గదిలో. ఇప్పుడు ఫ్యామిలీ కోర్టులో, కాలేజీలో, ఫోన్‌లో కూడా ఉంది. కుర్చీని బట్టి పని మారుతుంది, అది చూసుకుని బోర్డు పెట్టుకో.

ప్రశ్న: నేను ములుగు దగ్గర ప్రభుత్వ పాఠశాల టీచర్‌ని. పిల్లలతో బాగా మాట్లాడతానని కౌన్సెలింగ్ బాధ్యత నాకే ఇచ్చారు. తొమ్మిదో తరగతి పాప "ఎవరికీ చెప్పనంటేనే చెప్తా సార్" అంటోంది. మాట ఇవ్వనా?
– ఒక ఉపాధ్యాయుడు

జవాబు: ఇవ్వకండి సార్. "నువ్వు చెప్పింది నా దగ్గరే ఉంటుంది, కానీ నీకు గానీ ఇంకెవరికైనా గానీ ప్రమాదం ఉంటే సాయం చేసేవాళ్లకి చెప్పాల్సి వస్తుంది, చెప్పేముందు నీకు చెప్తా" అనండి. ఇంత చెప్పాక కూడా చాలామంది పిల్లలు నోరు విప్పుతారు. లైంగిక వేధింపు విషయమైతే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి తెలియజేయడం మీకు తప్పనిసరి, ఊరి పెద్దలతో పరిష్కరించుకుంటామంటే ఊరుకోకూడదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు. వివరాలన్నీ మీరే రాబట్టే ప్రయత్నం చేయొద్దు, ఆ పిల్ల ఎంత చెబితే అంత వినండి. ఇంకొకటి, మీరే ఆ పాప నోట్సు దిద్దుతారు, మీరే మనసు వింటారు. ఈ రెండూ ఒకరి దగ్గరే ఉండడం మంచి ఏర్పాటు కాదని హెడ్మాస్టర్‌తో అనండి.

ప్రశ్న: బొగ్గు గనిలో పనిచేస్తా. పైకప్పు కూలి పక్కనోడికి దెబ్బ తగిలింది చూసినప్పటి నుంచి నిద్ర లేదు, రెండు పెగ్గులేస్తే గానీ కన్ను మూతపడదు. కౌన్సెలింగ్‌కి పోతే పిచ్చోడంటరు. ఫోన్లో కుదురుతదా?
– భూపాలపల్లి

జవాబు: కుదురుతది అన్నా. టెలీ మానస్, నంబర్ 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టింది, పైసా ఖర్చు లేదు, రాత్రైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. మందు గురించి దాచకుండా చెప్పు. మందుతో పట్టే నిద్ర మధ్యలోనే తెగుతుంది, అందుకే రోజంతా అలసటగా ఉంటుంది. అదే దృశ్యం కళ్ల ముందు తిరగడం, గనిలోకి దించే కేజ్ (లిఫ్ట్) దగ్గర గుండె దడ ఉంటే నెలల తరబడి ఆగకుండా వరంగల్ ఎంజీఎంలో మానసిక వైద్య విభాగానికి వెళ్లు. రోజూ తాగే అలవాటయితే ఒక్కసారిగా మానేయకు, డాక్టర్‌ని అడిగే తగ్గించు.