పక్కింటి కుక్క రాత్రీపగలూ మొరుగుతుంటే చట్టంలో దారి ఉందా?

ప్రశ్న: మాది కాకినాడలో సొంత ఇల్లు. పక్కింట్లో అద్దెకున్నవాళ్లు నిరుడు ఒక జర్మన్ షెపర్డ్ కుక్కను తెచ్చుకున్నారు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు. పొద్దున్నే వెళ్తే మళ్లీ చీకటిపడ్డాకే రావడం. కుక్కను మా ప్రహరీని ఆనుకుని ఉన్న రేకుల షెడ్డులో గొలుసుతో కట్టేసి పోతారు. పగలంతా మొరుగుడే. రాత్రి కూడా అక్కడే కడతారు, రెండింటికీ మూడింటికీ లేచి అరుస్తుంది. మా మామగారికి గుండె ఆపరేషన్ అయింది. అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. చెప్పి చూస్తే, ‘కుక్కన్నాక మొరగదా, కిటికీలు వేసుకోండి’ అన్నారు. పోలీసుల దగ్గరికి వెళ్తే, ‘ఇది కేసు కాదమ్మా, మీలో మీరు మాట్లాడుకోండి’ అని పంపేశారు. అన్నంలో ఏదో ఒకటి కలిపి గోడ మీంచి పడేస్తే పీడ పోతుందని మా తమ్ముడు అంటున్నాడు. మాకు ఆ పని ఇష్టం లేదు. చట్టంలో ఏదైనా దారి ఉందా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ముందు మీ తమ్ముడిని కూర్చోబెట్టి చెప్పండి. జంతువును చంపడం, దానికి విషం పెట్టడం, అవిటిదాన్ని చేయడం భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) 325వ సెక్షన్ కింద నేరం. అయిదేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పాత ఐపీసీలో జంతువు ఖరీదును బట్టి శిక్ష మారేది, ఇప్పుడు ఆ తేడా కూడా తీసేశారు. మొరుగుడు విషయంలో మీ పక్కింటివాళ్ల మీద పెట్టగలిగే కేసులో పడేది ఎక్కువలో ఎక్కువ వెయ్యి రూపాయల జరిమానా. ఈ రెండు శిక్షలూ పక్కపక్కన పెట్టి చూపిస్తే ఆయనకే అర్థమవుతుంది. రేపు ఆ కుక్క ఏ జబ్బుతో పోయినా ముందు మీ గుమ్మమే ఎక్కుతారు. ఆ మాట నలుగురిలో అని ఉంటే మరీనూ.

పోలీసులు చెప్పింది సగం నిజం. చుట్టుపక్కల ఉండేవాళ్లందరికీ ఇబ్బంది కలిగించే పనిని బీఎన్ఎస్ 270వ సెక్షన్ పబ్లిక్ న్యూసెన్స్ అంటుంది. దానికి శిక్ష 292వ సెక్షన్‌లో ఉంది. పైన చెప్పిన వెయ్యి రూపాయలు ఇదే. పాత చట్టంలోనైతే రెండొందలే. ఇది మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేని నేరం, అందుకే వాళ్లు ఆసక్తి చూపించరు. అయితే ‘కేసు కాదు’ అని ఉత్తి చేతులతో పంపడం కుదరదు. ఇలాంటి ఫిర్యాదు వస్తే దాని సారాంశాన్ని రికార్డులో రాసుకుని, ఫిర్యాదుదారును మేజిస్ట్రేట్ దగ్గరికి పంపాలని, కేసుల దర్యాప్తు పద్ధతి చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 174వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి ఈసారి నోటిమాటగా కాకుండా కాగితం మీద రాసి ఇవ్వండి, రెండో కాపీ మీద స్టేషన్ ముద్ర వేయించుకోండి. అక్కడ తీసుకోకపోతే సోమవారం ఎస్పీ ఆఫీసు గ్రీవెన్స్‌లో ఇవ్వండి. దీనితో మొరుగుడు ఆగుతుందని నేను చెప్పను. తర్వాత కోర్టుకు వెళ్లినప్పుడు ఈ ముద్ర పడిన కాగితం పనికొస్తుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. పబ్లిక్ న్యూసెన్స్ అంటే మీ ఒక్క ఇంటి బాధ సరిపోదు. అటుపక్కవాళ్లు, ఎదురింటివాళ్లు కూడా సంతకం పెడితేనే ఆ మాటకు బలం. నలుగురూ కలిస్తే నాగరిక్ సురక్షా సంహితలోని 152వ సెక్షన్ కింద ఆర్డీవోకు అర్జీ పెట్టుకోవచ్చు. న్యూసెన్స్ తొలగించమని షరతులతో కూడిన ఉత్తర్వు ఇచ్చే అధికారం ఆయనకు ఉంది. అయినా ఒక ఇంట్లో కట్టేసిన కుక్క మీద ఆ అధికారం వాడటానికి అధికారులు జంకుతారు. వీధివాళ్లంతా మీతో ఉంటే ప్రయత్నించండి, లేకపోతే దీని చుట్టూ తిరగొద్దు.

‘నాయిస్ పొల్యూషన్ రూల్స్ ఉన్నాయి కదా’ అని మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. ఉన్నాయి, 2000 సంవత్సరంలో వచ్చాయి. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ హద్దు. కానీ ఆ అంకె కొంతసేపు కొలిచిన చప్పుడు సగటు. కుక్క అరుపు ఆగి ఆగి వస్తుంది కాబట్టి సగటులో అది హద్దు దాటకపోవచ్చు. ఫోన్‌లో యాప్ పెట్టి తీసిన రీడింగును అవతలి లాయరు ఒక్క ప్రశ్నతో కొట్టేస్తాడు. ఈ రూల్స్‌ మీదే కేసు నిలబెట్టాలనుకోవద్దు. సుప్రీంకోర్టు 2005లో శబ్ద కాలుష్యం మీద ఇచ్చిన తీర్పు మాత్రం మీకు అక్కరకొస్తుంది. తన ఇంట్లో ప్రశాంతంగా ఉండే హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని, చప్పుడు చేయడం తన హక్కని ఎవరూ అనలేరని కోర్టు అందులో చెప్పింది.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన వాక్యం, కుక్కను రోజంతా గొలుసుతో కట్టేసి పోతారన్నది. జంతు హింస నివారణ చట్టం, 1960లో 11వ సెక్షన్ ఉంది. అలవాటుగా గొలుసుతో కట్టి ఉంచే కుక్కను, లేదా ఇరుకు చోట బంధించి ఉంచే కుక్కను తగినంత తిప్పకపోతే అది యజమాని చేసిన నేరం. మరీ పొట్టి గొలుసుతో, లేదా బరువైన గొలుసుతో అదేపనిగా కట్టేయడం కూడా నేరమే. సరైన తిండి, నీళ్లు, నీడ పెట్టకపోవడమూ అంతే. జర్మన్ షెపర్డ్ పరుగెత్తాల్సిన జాతి. కాకినాడ ఎండలో రేకుల కింద పదేసి గంటలు ఒంటరిగా కడితే అది మొరగక ఏం చేస్తుంది? మొదటిసారి తప్పుకు జరిమానా పది నుంచి యాభై రూపాయలు. ఎన్నో ఏళ్ల కిందట పెట్టిన అంకె అది, ఇవాళ కుక్క బిస్కెట్ల ప్యాకెట్టు కూడా రాదు. జరిమానా కోసం ఈ సెక్షన్ ఎత్తమనడం లేదు. దీన్ని ఎత్తగానే వాదన తీరు మారిపోతుంది. ఇప్పటిదాకా మీరు కుక్కంటే పడనివాళ్లు, వాళ్లు జంతు ప్రేమికులు. దావాకు ముందు మీరు వాళ్లకు పంపే నోటీసులో ఈ సెక్షన్ పడ్డాక, ‘కుక్కన్నాక మొరగదా’ అన్న జవాబు సరిపోదు, కుక్కను ఎలా ఉంచుతున్నారో వాళ్లు చెప్పుకోవాలి. మున్సిపల్ కార్పొరేషన్‌లో పెంపుడు కుక్కకు రిజిస్ట్రేషన్, రేబిస్ టీకా కాగితాలు ఉన్నాయో లేదో కూడా నోటీసులోనే అడగండి.

ఇక అసలు దారి సివిల్ కోర్టు. మీ ఇంటిని మీరు సుఖంగా అనుభవించకుండా పక్కవాడు చేసే అడ్డును ప్రైవేట్ న్యూసెన్స్ అంటారు. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 38వ సెక్షన్ కింద శాశ్వత ఇంజంక్షన్ (ఆ ఇబ్బంది ఆపమని కోర్టు ఇచ్చే ఉత్తర్వు) కోసం దావా వేయవచ్చు. దావా తేలేలోపు సివిల్ ప్రొసీజర్ కోడ్ 39వ ఆర్డర్ కింద తాత్కాలిక ఇంజంక్షన్ అడగవచ్చు. ఆ ఉత్తర్వును ధిక్కరిస్తే ఆస్తి జప్తు, మూడు నెలల దాకా సివిల్ జైలు. ఈ ఇబ్బంది రోజూ కొత్తగా జరుగుతున్నదే కాబట్టి ‘ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకున్నారు’ అని కాలపరిమితి మాట తెచ్చినా నిలవదు.

కోర్టు దీన్ని మామూలు మనిషి చెవితో వింటుంది. మీ మామగారి గుండె జబ్బు చెప్పండి గానీ, కేసు మొత్తం దాని మీద పెట్టకండి. రోగి కాబట్టే ఇబ్బంది అని అవతలివాళ్లు తేల్చేస్తారు. గేటు దగ్గరికి పాలవాడు వస్తే నాలుగు అరుపులు అరిచిందంటే ఏ జడ్జీ పట్టించుకోరు. అర్ధరాత్రి రెండింటి నుంచి మూడుంపావు దాకా, అదీ వారంలో అయిదు రాత్రులు అంటే వింటారు. అందుకని ఇవాళే ఒక నోటుబుక్కు పెట్టండి. తేదీ, ఎన్నింటికి మొదలైంది, ఎన్నింటికి ఆగింది, ఆ సమయంలో పక్కింట్లో మనుషులు ఉన్నారా లేరా. ‘ఎప్పుడూ మొరుగుతూనే ఉంటుంది’ అని రాస్తే దానికి విలువ లేదు. మీ ఇంట్లోంచే రికార్డు చేయండి, కెమెరా వాళ్ల కిటికీల వైపు తిప్పితే మీ మీదే ఎదురు ఫిర్యాదు వస్తుంది. రికార్డు చేసిన ఫోన్‌ను అమ్మేయకండి, ఫార్మాట్ చేయకండి. ఆ ఆడియో కోర్టులో చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జత చేయాలి.

నోటీసులో ‘కుక్కను పంపించేయండి’ అని అడగొద్దు. కుక్కను పెంచుకోవడం తప్పు కాదు, కోర్టు అంత దూరం వెళ్లడం అరుదు. జరగగలిగినవి అడగండి. షెడ్డును మీ ప్రహరీ నుంచి ఇంటి అవతలి వైపుకు మార్చడం, రాత్రి 10 నుంచి 6 దాకా కుక్కను ఇంట్లో ఉంచుకోవడం, పగలు ఒంటరిగా కట్టేసి పోకుండా మనిషినో బోర్డింగో చూసుకోవడం, పొద్దునా సాయంత్రం తిప్పడం. జడ్జీ ఇవ్వగలిగే ఉత్తర్వు కూడా ఇంచుమించు ఇలాగే ఉంటుంది. భారత జంతు సంక్షేమ బోర్డు 2015 మార్గదర్శకాలను ఎవరైనా మీ మీదకు తీయవచ్చు. అపార్ట్‌మెంట్ సంఘాలు పెంపుడు కుక్కలను నిషేధించకూడదని చెప్పింది ఆ మార్గదర్శకాలే. కానీ ఆగకుండా మొరిగితే ఇరుగుపొరుగుకు ఇబ్బందేనని, ముఖ్యంగా రాత్రిపూట కుక్కలను నిశ్శబ్దంగా ఉంచేందుకు యజమానులు గట్టిగా ప్రయత్నించాలని కూడా అందులోనే ఉంది. ఆ భాగాన్ని ఎవరూ చదవరు.

వాళ్లు అద్దెకున్నవాళ్లన్నారు కదా, నోటీసు కాపీ ఒకటి ఇంటి ఓనరుకూ పంపండి. పక్కవాళ్లకు న్యూసెన్స్ అయ్యే అద్దెదారును ఖాళీ చేయించడానికి అద్దె చట్టంలో ఓనరుకు వీలుంది. ఆ చట్టం వర్తించని ఇళ్లకైతే, నెలవారీ అద్దె అయి, అగ్రిమెంటులో వేరే షరతు లేకపోతే, ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ కింద 15 రోజుల నోటీసు చాలు. ఈ హక్కు ఓనరుది, మీది కాదు. అయినా కోర్టు కాగితాల్లో తన పేరు పడుతుందంటే ఏ ఓనరైనా అద్దెవాళ్లకు ఒక ఫోన్ చేస్తాడు. నా అనుభవంలో చాలా గొడవలు ఆ ఫోన్‌తోనే సర్దుకుంటాయి.

నోటీసుకు జవాబు రాకపోతే వెంటనే దావా వేయకుండా ముందు లోక్ అదాలత్‌కు వెళ్లండి. కేసు వేయకముందే అక్కడ అర్జీ పెట్టవచ్చు, ఫీజు లేదు. వాళ్లను పిలిపించి కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. రాజీ కుదిరితే దాని మీద ఇచ్చే అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు లేదు. మాట తప్పితే దాన్ని అమలు చేయించమని నేరుగా ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేసుకోవచ్చు. వాళ్లు రాకపోయినా, రాజీ పడకపోయినా మీరు పోగొట్టుకునేదేమీ లేదు, అప్పుడు దావా వేయండి. లాయరు ఫీజు గురించి టెన్షన్ పడకండి. న్యాయ సేవాధికార సంస్థల చట్టం, 1987 ప్రకారం ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్లకు ఉచితంగా లాయరును ఇస్తారు, కాబట్టి అర్జీ మీ పేరునే పెట్టండి. కోర్టు ప్రాంగణంలో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, 15100కు ఫోన్ చేసినా చెబుతారు. వెళ్లేటప్పుడు ఆధార్ కాపీ, ఇంటి పన్ను రసీదు, నోటుబుక్కు, స్టేషన్ ముద్ర ఉన్న ఫిర్యాదు కాపీ, నోటీసు పంపిన స్పీడ్ పోస్టు రసీదు తీసుకెళ్లండి.