ఎనిమిదో రోజు ఎక్కడ?

చిరంజీవి అమ్మాయికి,

నువ్వు పంపిన సైకిల్ యాత్ర వ్యాసం నలభై పేజీలూ చదివాను. వాటితో పాటు వాట్సాప్‌లో పెట్టిన నోట్‌బుక్ ఫొటోలూ చదివాను. "ఇవి ఊరికే పంపుతున్నా సార్, గజిబిజిగా ఉంటాయి, పట్టించుకోకండి" అన్నావు. నేను వాటినే ఎక్కువ పట్టించుకున్నాను. నలభై పేజీల్లో ఎంత వెతికినా నాకు మనాలి నుంచి లద్దాఖ్‌లోని లేహ్ వెళ్ళే దారి కనపడలేదు. ఆ గజిబిజిలో కనపడింది.

ఒక్కటి చూపిస్తాను. పాంగ్‌లో డేరా హోటల్ దగ్గర నోట్‌బుక్‌లో ఇలా రాసుకున్నావు: "నీళ్ళు తెర్లుతున్నాయి. గంటైంది. పప్పు ఇంకా పలుకే. ఆంటీ కుక్కర్ రబ్బరు వెతుకుతోంది." వ్యాసంలోకి వచ్చేసరికి అది "పాంగ్‌లో వేడివేడి భోజనం చేసి సేదతీరాం" అయిపోయింది. పప్పు ఏమైందమ్మా? పాంగ్ 4,600 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి ఒత్తిడి తక్కువ, అందుకని నీళ్ళు 85 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. ఎంత మంట పెట్టినా అంతకు మించి వేడెక్కవు. కుక్కర్ రబ్బరు దొరక్కపోతే ఆ పూట పప్పు లేనట్టే. "గాలి పల్చబడింది" అని వ్యాసంలో ఏడుచోట్ల రాశావు, నేను లెక్కపెట్టాను. ఆ ఏడూ కొట్టేసి, ఆ గిన్నె ఒక్కసారి పొయ్యి మీద పెట్టు. గంటసేపు తెర్లినా పప్పు ఉడకలేదంటే మన ఇళ్ళల్లో ఎవరికైనా ఒళ్ళు జలదరిస్తుంది.

మొదటి ఆరు పేజీలు తీసెయ్. టికెట్లు, సైకిల్ విప్పి అట్టపెట్టెలో సర్దడం, ఎయిర్‌పోర్టులో బరువు దగ్గర గొడవ, ఇవన్నీ నీకు టెన్షన్ గానీ చదివేవాళ్ళకి కాదు. అందులో దాచుకోవలసింది ఒకటే ఉంది, మీ నాన్నగారు అన్న మాట: "కారు వెళ్ళే రోడ్డే కదా, సైకిలెందుకు?" చాలా మంచి ప్రశ్న. నువ్వు దానికి ఎక్కడా జవాబు చెప్పలేదు. చెప్పాలని కూడా కాదు, ఆ ప్రశ్న నీ వెనక క్యారియర్ మీద కూర్చుని రావాలి. వికారాబాద్ అనంతగిరి కొండల్లో ఆదివారాలు తొక్కి ప్రాక్టీస్ చేశావన్నావే, అది రెండు వాక్యాల్లో చెప్పి రోడ్డు మీదికి వచ్చెయ్.

ఎడారి గురించి. "మంచు ఎడారి అందాలు మాటలకందవు" అన్నావు. మాటలకి అందకపోతే మన పనేముంది? ఎడారి అన్న మాట వినగానే మనవాళ్ళకి ఇసుక, ఒంటెలు, రాజస్థాన్ గుర్తొస్తాయి. బండరాళ్ళ కొండ ఎడారి ఎలా అయిందో నువ్వు చూపించాలి. రుతుపవనాల మబ్బులు రోహ్‌తాంగ్ కనుమకి ఇవతలే, మనాలి వైపు దేవదారు అడవుల మీదే, చాలావరకు కురిసేస్తాయి. దాటిపోయేసరికి వాటి దగ్గర నీళ్ళు మిగలవు. లేహ్‌లో ఏడాది మొత్తానికి కురిసేది 100 మిల్లీమీటర్ల లోపో, ఆ చుట్టుపక్కలో. ఈ అంకె నువ్వూ ఇచ్చావు, కానీ ఉత్త అంకెగా వదిలేశావు. 2020 అక్టోబరులో హైదరాబాద్ మునిగిన రోజు నువ్వు ఇక్కడే ఉన్నావు. ఆ ఒక్క రోజులో మన నెత్తిన పడ్డ వాన లేహ్‌కి ఏడాది వాన కంటే ఎక్కువ. మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో స్కూటర్లు తేలడం చూసినదానివి, ఆ కళ్ళతో ఆ కొండలని చూసి ఉంటావు కదా. అది రాయి.

ఇంకొకటి అడుగుతాను. ఆఖరి చెట్టు ఎక్కడ చూశావు? లాహౌల్‌లో బఠానీ చేలు, బంగాళదుంప మళ్ళు, విల్లో చెట్లు ఉంటాయి. దార్చా దాటి కాస్త పైకి వెళ్ళాక అవన్నీ అయిపోతాయి. మళ్ళీ తంగ్‌లంగ్ లా దిగి రుమ్సే చేరేదాకా, అంటే 200 పైచిలుకు కిలోమీటర్లు, స్థిరమైన ఊరనేది లేదు. ఉన్నవల్లా మంచు కరిగాక వేసి, చలి ముదిరేలోపు పీకేసే డేరాలు. కారులో వెళ్ళేవాడికి చెట్లు అయిపోయాయన్న సంగతి మర్నాడు గుర్తొస్తుంది. సైకిల్ మీద వెళ్ళినవాళ్ళకి అప్పుడే తెలుస్తుంది, ఎందుకంటే ఆగి నీళ్ళు తాగడానికి నీడ వెతుక్కుంటారు. నోట్‌బుక్‌లో "ఈరోజు నా సైకిల్ నీడలోనే తలపెట్టి పడుకున్నా" అని ఉంది. దాన్ని ఎలా వదిలేశావో నాకిప్పటికీ అర్థం కాలేదు.

వాగు సంగతీ అంతే. "జింగ్‌జింగ్‌బార్ దగ్గర ఉధృతంగా ప్రవహిస్తున్న వాగును సాహసోపేతంగా దాటాం" అని వ్యాసం. "ఉదయం 6.10. నీళ్ళు పిక్కల దాకా. నిన్న సాయంత్రం ఇక్కడే తొడల దాకా అట" అని నోట్‌బుక్. మన దగ్గర వాగు పొంగాలంటే వాన పడాలి. అక్కడ ఎండ కాయాలి. పొద్దుటిపూట మంచు గట్టిగా ఉంటుంది, వాగు అణిగి ఉంటుంది. ఎండెక్కేకొద్దీ పైన మంచు కరిగి, మధ్యాహ్నానికి రోడ్డు మీదికి వచ్చేస్తుంది. అందుకే అందరూ చీకటితో లేస్తారు. 6.10 అన్న ఒక్క టైముతో ఇదంతా చెప్పొచ్చు. పైగా ఆ నీళ్ళు ఎంత చల్లగా ఉంటాయో నాకు తెలుసు, కాళ్ళు బయటికి తీశాక కూడా కాసేపు అవి నీవి కావు. "సాహసోపేతంగా" అన్న మాట అక్కడ చెప్పులు ఒక చేత్తో, సైకిల్ ఇంకో చేత్తో పట్టుకుని నిలబడ్డ మనిషికి తట్టే మాట కాదు.

(చిన్న సంగతి: 'లా' అంటేనే కనుమ. "బారలాచా లా కనుమ" అని రాస్తే గేటు దర్వాజా అన్నట్టు ఉంటుంది. అలాగే సైకిల్‌ని 'ద్విచక్రిక' అనకు, అది బాధపడుతుంది.)

కనుమలకి నువ్వు ఇచ్చిన చోటు కూడా నాకు నచ్చలేదు. రోహ్‌తాంగ్‌కి ఐదు పేజీలు, తంగ్‌లంగ్ లాకి నాలుగు, మోరే మైదానానికి ఒక వాక్యం. "తర్వాత మోరే మైదానం దాటాం." 40 కిలోమీటర్ల చదునుని ఒక ఊపిరిలో దాటేశావు! రోడ్డు మీద నీకు ఎంతసేపు పట్టింది? నోట్‌బుక్ ప్రకారం ఏడు గంటలు. ఎక్కుడు లేదు, మలుపు లేదు, ఎదురుగాలి మాత్రం ఉంది. దూరంగా ఒక లారీ దుమ్ము కనిపిస్తుంది, ఇదిగో వచ్చేసింది అనుకుంటాం, అరగంట తర్వాత కూడా అది అక్కడే ఉంటుంది. కళ్ళు సమతలం అంటాయి, కాళ్ళు కొండ అంటాయి. ఏదో ఒక గంటలో నువ్వు మైలురాళ్ళతో మాట్లాడి ఉంటావు, నేనైతే ఎక్కాలు చదివాను, పదిహేడో ఎక్కం దగ్గర తప్పాను. ఆ విసుగులోనే అడవి గాడిదలు, కియాంగులు, నీ పక్కన కాస్త దూరం పరుగెత్తి ఆగి చూస్తాయి, 'ఇదేం జంతువు' అన్నట్టు. విసుగు గురించి రాయడానికి భయపడకు. చదివేవాళ్ళకి విసుగు పుడుతుందని నీ భయం. మోరే మీద రెండు పేజీలు రాసి చూడు, పుడితే నాదే పూచీ.

కనుమల దగ్గర బోర్డులు ఎక్కించావు. తంగ్‌లంగ్ లా మీద 17,582 అడుగులని, ప్రపంచంలో ఇన్నో ఎత్తైన రోడ్డని. బోర్డు మీద ఉంది కాబట్టి నిజమని రాయకు, బోర్డు మీద అలా ఉందని రాయి. ఇప్పుడు లద్దాఖ్‌లోనే అంతకన్నా ఎత్తైన రోడ్లు వేశారు. ఆ ఎత్తు దగ్గర గాలి ఒత్తిడి సముద్రం ఒడ్డున ఉండేదానిలో సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. దాన్ని అంకెగా చెప్పకపోయినా పర్లేదు. నువ్వు పైకి చేరి ఫోటో కోసం హెల్మెట్ పట్టీ విప్పడానికి ఎన్నిసార్లు ఆగి ఊపిరి తీసుకున్నావో చెప్పు చాలు.

మనుషుల దగ్గరికి వద్దాం. "అక్కడి ప్రజలు అమాయకులు, కల్మషం లేనివారు." ఇది కొట్టెయ్యి, ఇప్పుడే. నువ్వు తిన్న మాగీ ప్లేట్లు ఎన్నో, టీలు ఎన్నో, పరుపుకి ఎంతో వేళ్ళ మీద లెక్కగట్టి, పది రూపాయలు కూడా తేడా రాకుండా చెప్పిన డేరా ఆంటీ అమాయకురాలా? నాలుగు నెలలు ఆ గాలిలో హోటల్ నడిపే మనిషి ఆమె. ఆమె తెలివి రాయి. రోడ్డు పని చేసేవాళ్ళ ఫొటోలు పదకొండు పంపావు, ముఖాలకి గుడ్డలు చుట్టుకుని, తారు డ్రమ్ముల పక్కన. వ్యాసంలో వాళ్ళ గురించి ఒక్క అక్షరం కూడా లేదు. వాళ్ళలో చాలామంది జార్ఖండ్, బిహార్ నుంచి వస్తారు. నువ్వు సరదాకి ఎక్కిన ఎత్తుకి వాళ్ళు కూలికి ఎక్కారు. దీని మీద ఉపన్యాసం వద్దు. ఒక మనిషితో మాట్లాడి ఉంటే ఆ మాట రాయి, మాట్లాడకపోతే మాట్లాడలేదని రాయి.

ఇప్పుడు అసలు విషయం. గాటా లూప్స్ దగ్గర నువ్వు రాసిన పేజీన్నర నాలుగుసార్లు చదివాను. 21 మలుపులు, ఎప్పుడో లారీతో పాటు చిక్కుకుని చచ్చిపోయిన క్లీనర్ కథ, దాహంతో తిరిగే దెయ్యం, జనం పెట్టిన నీళ్ళ సీసాల గుట్ట. అన్నీ ఉన్నాయి. ఆ దారిన వెళ్ళిన ప్రతివాళ్ళూ ఇదే రాస్తారు. కానీ లేనిదేమిటో చెప్పనా? గాలి. ఆ మలుపుల్లో ఒకదాంట్లో గాలి మొహాన కొడుతుంది, తిరగ్గానే వీపున తోస్తుంది, మళ్ళీ తిరిగితే మళ్ళీ మొహాన. తొక్కినవాళ్ళు దాన్ని రాయకుండా ఉండలేరు. గేరు లేదు, ఆయాసం లేదు, నీ సీసాలో నీళ్ళు ఎంత మిగిలాయో లేదు. దెయ్యానికి దాహం వేసింది, నీకు వెయ్యలేదు. తర్వాత నోట్‌బుక్ తిరగేశాను. ఏడో రోజు రాత్రి సర్చూ. తొమ్మిదో రోజు పొద్దున పాంగ్. మధ్యలో దాదాపు 80 కిలోమీటర్లు, ఆ లూప్సు, రెండు కనుమలు. ఎనిమిదో రోజు పేజీలో పైన అంకె వేసి, కింద ఒకే ముక్క: "తలనొప్పి. రాయబుద్ధి కావట్లేదు."

నిన్ను నిలదీయడానికి కాదు. నా సంగతి చెబుతాను, విను.

2004లో, ఆగస్టు ఆఖర్లో, నేను డెబ్రింగ్ దగ్గర కూలబడ్డాను. జబ్బేం లేదు, ఓపిక అయిపోయింది. ఎదురుగా తంగ్‌లంగ్ లా ఎక్కుడు, మధ్యాహ్నపు గాలి. లేహ్‌కి ఉల్లిపాయలు వేసుకెళ్తున్న లారీ ఒకటి టీకి ఆగింది. డ్రైవర్ పంజాబీ ఆయన, యాభై దాటి ఉంటాయి. నా మొహం చూసి ఏం అడగకుండానే సైకిల్‌ని బస్తాల మీదికి ఎత్తించాడు. క్యాబిన్‌లో నా చేతిలో రెండు వెల్లుల్లి రెబ్బలు పెట్టి నమలమన్నాడు, ఎత్తుకి మంచిదట. మంచిదో కాదో తెలియదు గానీ కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి. ఆయన ప్రతి మలుపుకీ ముందు స్టీరింగ్‌ని మూడు వేళ్ళతో తాకి కళ్ళకద్దుకునేవాడు. పైకి చేరాక లారీ ఆపి, సైకిల్ దింపించి, "ఇక దిగుడే. నువ్వే తొక్కుకుంటూ వెళ్ళు. ఇంటికెళ్ళాక పిల్లలకి చెప్పుకోవాలిగా" అన్నాడు.

నేను తిరిగొచ్చి ఒక వారపత్రికకి వ్యాసం రాశాను, ఆ కనుమ తొక్కి ఎక్కానని. అచ్చయింది. ఒక పాఠకుడు ఉత్తరం రాశాడు, ఎక్కడానికి ఎన్ని గంటలు పట్టింది, తనూ వెళ్దామనుకుంటున్నాను అని. కూర్చుని ఒక లెక్క కల్పించి జవాబు రాశాను. అతను ఆ లెక్క నమ్ముకుని వెళ్ళాడో లేదో నాకు తెలియదు. ఆ బెంగ ఒకటి. రెండోది ఇంకా చిత్రమైనది. లారీని దాచాను కాబట్టి డ్రైవర్‌నీ దాచాల్సి వచ్చింది. వెల్లుల్లి, మూడు వేళ్ళు, ఉల్లిపాయల వాసన, ఆయన అన్న ఆ మాట, ఏదీ ఎక్కడా వాడుకోలేకపోయాను. నా యాత్ర మొత్తంలో నాకు గుర్తున్న మనిషి ఆయనే, నా వ్యాసంలో లేని మనిషీ ఆయనే. ఇరవై ఏళ్ళ తర్వాత ఆయన్ని మొదటిసారి కాగితం మీద పెట్టడం ఇదే, నీకు రాస్తున్న ఈ ఉత్తరంలో.

సర్చూలో రాత్రి చాలామందికి కలిసిరాదు. కీలాంగ్ నుంచి ఒక్కసారిగా వెయ్యి మీటర్లకు పైగా పైకి వచ్చి పడుకుంటాం. తలనొప్పి, వాంతులు, నిద్ర పట్టకపోవడం, పట్టినా ఊపిరాడక లేవడం. అలా ఉండగా మొండిగా తొక్కాలని చూడకుండా ఆగిపోతే అది తెలివి. కానీ ఒక్కటి, వాంతులతో ఉన్న మనిషిని ఇంకా పైకి తీసుకెళ్ళకూడదు, కిందికి దింపాలి. నీ విషయంలో ఎవరు ఏం నిర్ణయించారో, ఎవరి బండిలో కూర్చున్నావో, కిటికీలోంచి ఆ 21 మలుపులు చూస్తున్నప్పుడు కాళ్ళు ఏమన్నాయో నాకు తెలియదు. మీ నాన్నగారి ప్రశ్న ఆ రోజు నీకు గుర్తొచ్చిందో లేదో కూడా తెలియదు. వెళ్ళేటప్పుడు ఎవరైనా సైకిల్ మీద ఎక్కుతూ కనిపించారా?

చలికి బాల్‌పెన్ రాయలేదని ఒకచోట విసుక్కున్నావు. ఈసారి పెన్సిల్ తీసుకెళ్ళు. ఇప్పటికి మాత్రం ఇంట్లోనే ఉన్నావు కాబట్టి ఏ పెన్ అయినా పర్లేదు. మిగతా పేజీల జోలికి వెళ్ళకు. ఎనిమిదో రోజు ఒక్కటి రాసి పంపు, నోట్‌బుక్‌లో రాసుకున్నట్టే, గజిబిజిగా.

ఆశీస్సులతో,
మీ సార్