గొంతు పెంచకుండా పాడినవాడు

“ఇంగ్లిష్ అంతంతమాత్రంగా వచ్చినవాళ్ళు కంట్రీ పాటలు ఎవరితో మొదలుపెట్టాలి?” అని అడిగారు. కంట్రీ అంటే అమెరికా పల్లెల్లోంచి వచ్చిన పాటల తరహా. అందులో గాయకుడు జిమ్ రీవ్స్‌తో మొదలుపెట్టాలి. రెండో పేరు అక్కర్లేదు.

మా నాన్న కాజీపేటలో రైల్వే ఫిట్టర్. తెలుగు మీడియంలో పదో తరగతి చదివారు. పక్క క్వార్టర్‌లో ఉండే ఆంగ్లో ఇండియన్ గార్డు గారు రిటైరై వెళ్ళిపోతూ ఒక జిమ్ రీవ్స్ క్యాసెట్ ఇచ్చారు. అన్నాలయ్యాక నాన్న టేప్ రికార్డర్ ముందు కూర్చుని, ఒక్కో లైనూ వెనక్కి తిప్పి వింటూ పాత డైరీలో తెలుగు అక్షరాల్లో రాసుకునేవారు. ఒక రాత్రి ‘హీల్ హ్యావ్ టు గో’ రాస్తుంటే అర్థమేంటని అడిగాను. “ఫోన్లో మాట్లాడుతున్నాడురా. అవతల ఆవిడ పక్కన ఇంకెవడో ఉన్నాడు. అందుకే గొంతు పెంచట్లేదు” అన్నారు. కాలేజీలో చేరాక ఆ పాట చదివితే సరిగ్గా అదే కథ!

నాన్నకి అది భాష వల్ల కాదు, ఆ గొంతు వల్ల తెలిసింది. టెక్సస్‌లో పుట్టిన రీవ్స్ బేస్‌బాల్ ఆడుతూ దెబ్బ తగిలి మానేసి, రేడియో అనౌన్సర్ అయ్యాడు. మాట మాటా విడిగా పలకడం ఆ ఉద్యోగమే నేర్పి ఉంటుంది. 1953 నాటి ‘మెక్సికన్ జో’లో గట్టిగానే పాడాడు. 1957లో ‘ఫోర్ వాల్స్’కి వచ్చేసరికి పెదాలు మైక్‌కి దాదాపు ఆనించి, చెవిలో చెప్పినట్టు పాడాడు. మన ఫంక్షన్లలో మైక్ పట్టుకున్నవాళ్ళకి ఇది ఎవరైనా వినిపిస్తే బాగుండు. అరిస్తేనే పాట అనుకుంటున్నారు, పక్కవాళ్ళతో నాలుగు మాటలు మాట్లాడుకోనివ్వరు.

ఆయన్ని క్రిస్మస్ పాటల మనిషిగా మాత్రమే గుర్తుపెట్టుకోవడం కూడా నాకు బాధే. 1964 జులై 31న తానే నడుపుతున్న చిన్న విమానం నాష్‌విల్ దగ్గర గాలివానలో కూలి చనిపోయాడు. అప్పటికి 40 ఏళ్ళే. తర్వాత కంపెనీవాళ్ళు పాత టేపులకి కొత్తగా వాయిద్యాలు కలిపి వదిలారు. అలా వచ్చిన ‘డిస్టెంట్ డ్రమ్స్’ 1966లో బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. అయినా సరే, మీరు ముందు ఆయన బతికుండగా వచ్చినవే వినండి.

నాన్న డైరీ ఇప్పుడు నా దగ్గరుంది. ‘హీల్ హ్యావ్ టు గో’ పేజీలో ఒక్క మాట దగ్గర మాత్రం గీత గీసి వదిలేశారు. అక్కడ ఉండాల్సింది ‘జూక్‌బాక్స్’, అంటే నాణెం వేస్తే కోరిన పాట వినిపించే పెట్టె. కాజీపేటలో ఆయన దాన్ని ఎక్కడ చూశారు గనక!