నాన్నగారికి పక్షవాతం వచ్చి నాలుగు నెలలైంది, రోబో థెరపీతో చెయ్యి వస్తుందా?

కుడి చెయ్యి కాస్త కదులుతోంది కానీ పనికి రావడం లేదని రాశారు. మా అమ్మకు ఎడమ చెయ్యి పడిపోయినప్పుడు పన్నెండు వారాలు ఈ థెరపీ చేయించాను. నేను చూసినంతవరకు, చెయ్యి కదలడానికి రోబో బాగా పనికొస్తుంది. ఆ చేత్తో పని చేసుకోవడం మాత్రం విడిగా నేర్పించాలి.

మోచేతిని రోబో మిషన్‌కు ఆనించి పట్టీలు కడతారు. తెర మీద కనిపించే చుక్క దాకా చెయ్యి చాపాలి. అమ్మ చాపగలిగినంత వరకు మిషన్ ఊరుకునేది, ఆగిపోతే అక్కడి నుంచి మెల్లగా తోసేది. ఒక్క పూటలో కొన్ని వందల సార్లు చేయించేది. మెదడు మళ్లీ నేర్చుకోవాలంటే అన్నిసార్లు చేయాల్సిందే, ఫిజియో తన చేత్తో పట్టుకుని అంత చేయించడం కష్టం.

మొదట్లో నేనొక పొరపాటు చేశాను. పక్కన కూర్చుని కబుర్లు చెప్పేదాన్ని. అమ్మ చెయ్యి వదిలేసేది, మిషనే తిప్పేది. ఫిజియో అది గమనించి మిషన్ సాయం తగ్గించాకే అమ్మకు చెమటలు పట్టాయి. మీ నాన్నగారు ప్రయత్నిస్తున్నారా లేదా అన్నది దగ్గరుండి చూసుకోండి.

ఆరు వారాలకు తెర మీద స్కోరు బాగా పెరిగింది. ఇంట్లో మాత్రం గ్లాసు కుడిచేత్తోనే అందుకునేది. నాకు ఏడుపొచ్చింది. బ్రిటన్‌లో 770 మందిపై జరిపిన పరీక్ష ఫలితాలు 2019లో వచ్చాయని తర్వాత చదివాను. మామూలు వైద్యంతో పోలిస్తే రోబోతో చేతి కదలిక కొంత మెరుగైంది కానీ, చేత్తో పనులు చేసుకోవడంలో తేడా రాలేదట. మా ఇంట్లో జరిగిందీ అదే.

అప్పటి నుంచి మిషన్ దిగగానే అరగంట పనులు చేయించాం. ఎడమచేత్తో సీసా పట్టుకుని కుడిచేత్తో మూత తీయడం, తువ్వాలు మడవడం, తలుపు గడియ తీయడం. ఇప్పుడు సీసా గట్టిగా పట్టుకుంటుంది, గుండీలు ఇంకా పెట్టుకోలేకపోతోంది. వేళ్లే అన్నిటికన్నా ఆలస్యం.

చేర్చే ముందు ఆ మిషన్ భుజం, మోచేతికేనా, మణికట్టు, వేళ్లకు కూడానా అని అడగండి. డబ్బు రోబో, ఫిజియో రెండింటిలో ఒక్కదానికే సరిపోతే నేనైతే మంచి ఫిజియో దగ్గర ఎక్కువ గంటలే ఎంచుకుంటాను. భుజం నొప్పంటే వెంటనే ఆపించండి. మంచం మీంచి లేపేటప్పుడు ఆ చెయ్యి పట్టుకుని లాగొద్దు, కీలు జారుతుంది.

నాన్నగారి మణికట్టు, వేళ్లు కాస్తయినా పైకి లేస్తున్నాయా? లేస్తుంటే, బాగున్న చేతికి రోజూ కొన్ని గంటలు తొడుగు వేసి, పడిపోయిన చేత్తోనే పనులు చేయించే పద్ధతి కూడా ఉంది. అది ఆయనకు సరిపోతుందేమో ఫిజియోను ఈ వారమే అడగండి.