మేడ మీద పోర్షన్, కింద మోటారు స్విచ్

బుజ్జీ,

లినక్సు నేర్చుకుందామని, విండోస్ లోపలే ఇంకో కంప్యూటర్‌ని (వర్చువల్ మెషీన్‌ని) నడిపే వర్చువల్‌బాక్స్ వేశావు, అదేమో వీటీ-ఎక్స్ (అందుకు ప్రాసెసర్ ఇచ్చే సాయం) డిజేబుల్డ్ అంటూ మొరాయించింది. ఆ మాత్రానికే కొత్త ల్యాప్‌టాప్ కావాలని మీ నాన్నని అడిగేశావట! కాస్త ఆగు. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో సీపీయూ నొక్కి చూడు. కింద వర్చువలైజేషన్ ఎదురుగా డిజేబుల్డ్ అని ఉంటే, బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల్లో) దాని స్విచ్ ఆఫ్‌లో ఉందన్నమాట. ఇంటెల్ అయితే వర్చువలైజేషన్ టెక్నాలజీ అనీ, ఏఎండీ అయితే ఎస్‌వీఎం మోడ్ అనీ ఉంటుంది. అదొక్కటే ఆన్ చేసి సేవ్ చెయ్యి, మిగతావి ముట్టుకోకు. బిట్‌లాకర్ (డిస్కుకి విండోస్ వేసే తాళం) ఉంటే రికవరీ కీ ముందే కాగితం మీద రాసుకో. నేను రాసుకోక ఒక ఆదివారమంతా పోగొట్టుకున్నాను.

ఇక ఆ స్విచ్ చేసే పనేమిటంటావా? అమ్మమ్మ వాళ్ల మేడ మీద పోర్షన్ గుర్తుందిగా. అద్దెకున్నవాళ్లు వంట వాళ్లే చేసుకుంటారు, తాతయ్యని అడగరు. నీళ్ల మోటారు వెయ్యాలంటే మాత్రం స్విచ్ కింద ఉంది కాబట్టి కేకెయ్యాల్సిందే. వర్చువల్ మెషీన్ కథా ఇంతే. లోపలి లినక్సు చేసే లెక్కలన్నీ నీ ప్రాసెసర్ మీదే నేరుగా నడుస్తాయి. డిస్కు, నెట్‌వర్కు లాంటి వాటి జోలికి పోయినప్పుడు ప్రాసెసర్ దాన్ని ఆపి, పని హైపర్‌వైజర్‌కి (వర్చువల్ మెషీన్‌ని నడిపే ప్రోగ్రాంకి, అంటే ఇక్కడ వర్చువల్‌బాక్స్‌కి) అప్పగిస్తుంది. దీన్ని వీఎం ఎగ్జిట్ అంటారు. ఈ కేకలు ఎక్కువైతేనే నెమ్మదిస్తుంది. అందుకే లెక్కల ప్రోగ్రాం పరిగెడుతుంది, ఫైళ్లతో కుస్తీ పట్టేది ఈడుస్తుంది.

మా రోజుల్లో ఈ సుఖం లేదు. పాత ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ రకం) చిప్పుల్లో కొన్ని ఆదేశాలను అతిథి, అంటే లోపలి లినక్సు లాంటిది, వాడితే ఎవరికీ చెప్పకుండా ఊరుకునేవి, మోటారు ఆడకపోయినా కిందికి కేక వినిపించనట్టు. 1999లో వచ్చిన వీఎంవేర్ అనే ఇలాంటి ప్రోగ్రామే ఆ ఆదేశాలను అప్పటికప్పుడు తిరగరాస్తూ నెట్టుకొచ్చింది. ఇంటెల్ 2005లో, ఏఎండీ 2006లో చిప్పులోనే ఏర్పాటు చేశాకే ఆ తిప్పలు తగ్గాయి.

నీది నాలుగు కోర్లు, 8 జీబీ కదా. లినక్సుకి రెండు కోర్లు, 3 జీబీ ఇవ్వు. నాలుగూ ఇచ్చేస్తే దూసుకుపోతుందని నేనూ అనుకున్నాను, చివరికి విండోస్‌లో మౌస్ కూడా కదల్లేదు. కోర్లు వంతులేసుకుని వాడుకుంటాయి, ర్యామ్ అలా కాదు, అటు ఇచ్చింది ఇటు తగ్గినట్టే.

వర్చువల్‌బాక్స్ కిటికీ అడుగున ఆకుపచ్చ తాబేలు కనిపిస్తే, విండోస్ సొంత హైపర్‌వైజర్ అయిన హైపర్-వీ ముందే ప్రాసెసర్‌ని పట్టుక్కూర్చుందని అర్థం. నడుస్తుంది, కొంచెం నిదానంగా. దాన్ని తరిమేయాలని మెమరీ ఇంటిగ్రిటీ (హైపర్-వీని వాడుకునే విండోస్ భద్రతా సెట్టింగు) ఆపేయమని ఎవరైనా చెప్తే వినకు, అది నీ రక్షణ కోసం ఉంది. కాలేజీ ల్యాబ్ పనులకి తాబేలు చాలు.

టాస్క్ మేనేజర్ ఫొటో తీసి పంపు. ల్యాప్‌టాప్ సంగతి బావకి నేను ఫోన్ చేసి చెప్తాలే.

మామయ్య